పాత అక్వేరియం అద్దం మీద తెల్ల మరకలు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో పాత అక్వేరియం కొని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు మొదట అడిగేది చేపల గురించి కాదు, అద్దం మీది తెల్ల మరకల గురించి. ఎంత రుద్దినా పోవట్లేదని ఒకరు, బాత్రూం యాసిడ్ పోయొచ్చా అని ఇంకొకరు. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి.

## కొనేముందు

అద్దం పైభాగంలో తెల్లగా పెచ్చు కట్టి ఉంది. అసలు ఇదేంటి?

ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయిలో ఉండే పదార్థమే. కొంచెం మెగ్నీషియం కూడా కలిసి ఉంటుంది. మన నగరం కింద ఉన్నదంతా గ్రానైటు రాయి. వాన నీరు ఆ రాతి పగుళ్లలో, మట్టిలో ఏళ్ల తరబడి నిలిచి ఖనిజాలను కరిగించుకుంటుంది. బోరు వేసి మనం తోడుకునేది ఆ నీళ్లనే. నీళ్లలో ఉన్నంతసేపు ఆ కాల్షియం బైకార్బొనేట్ రూపంలో కరిగి ఉంటుంది, కంటికి కనిపించదు. నీళ్లు ఆవిరై, కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోయాక కరగని కార్బొనేట్‌గా మారి అద్దానికి అతుక్కుంటుంది. గీజర్ కాయిల్ మీద, బాత్రూం నల్లా మూతి దగ్గర పేరుకునేది కూడా ఇదే. అక్వేరియంలో నీటి మట్టం ఉండే గీత దగ్గర, మూత నుంచి చుక్కలు కారే చోట ఎక్కువ కడుతుంది.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత్వం, అంటే నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. మన బోర్లలో అది 200 దాటడం మామూలే. కృష్ణా, గోదావరి, మంజీరా నుంచి వచ్చే నల్లా నీళ్లు సాధారణంగా బోరు నీళ్ల కంటే నయం. ట్యాంకర్ నీళ్లు మాత్రం చాలాసార్లు ఎక్కడో ఒక బోరువే.

ఇది మరకా, లేక అద్దమే పాడైపోయిందా? కొనేటప్పుడే ఎలా తెలుస్తుంది?

ముందు అద్దం పొడిగా ఉందో లేదో చూడండి. తడిగా ఉంటే ఎంత మసక అద్దమైనా మెరిసిపోతుంది. అమ్మేముందు ఒకసారి నీళ్లతో తుడిచి చూపించడం అందరికీ తెలిసిన చిట్కానే. పొడి గుడ్డతో తుడిచి, అయిదు నిమిషాలు ఆగి, వెలుతురు పక్క నుంచి పడేలా నిలబడి చూడండి.

చిన్న సీసాలో తెల్ల వెనిగర్ వెంట తీసుకెళ్లండి. లేదంటే ఒక నిమ్మ చెక్క చాలు. మరక మీద నాలుగు చుక్కలు వేసి పది నిమిషాలు ఆగండి. సన్నటి బుడగలు వచ్చి, తుడిచి ఆరాక ఆ చోట అద్దం తేటగా కనిపిస్తే అది సున్నమే. మిగతా అద్దం కూడా అలాగే వస్తుంది, కాస్త ఓపిక ఉంటే చాలు. బుడగలు లేవు, వేలితో తడిమితే నున్నగా ఉంది, రెండు మూడుసార్లు వేసినా మసక కదల్లేదు అంటే అది బహుశా అద్దం లోపలే ఉంది. క్షార గుణం ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తగిలితే గాజు పైపొర దెబ్బతింటుంది. దానికి వెనిగర్ మందు కాదు. ఒక్క మినహాయింపు: సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) పేరుకున్నా వెనిగర్‌కు కదలదు, కానీ అది తడిమితే గరుకుగా తగులుతుంది.

"కడిగితే పోతుంది" అంటున్నారు. ధర తగ్గించమని అడగొచ్చా?

తప్పకుండా అడగండి. కానీ సున్నం మరకను చూసి ట్యాంకు వదులుకోకండి. అది మీ చేతిలో ఉన్న పని. అసలు చూడాల్సింది మూలల్లో అద్దాలను అతికించే సిలికాన్ జిగురు ఊడిందా, అద్దం అంచు పగిలిందా, ముందు అద్దం మీద గోరు తగిలితే ఆగేంత లోతు గీత ఉందా అన్నవి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్నా, ఆన్‌లైన్‌లో చూసి ఎవరింటికో వెళ్లి తెచ్చుకున్నా, అక్కడ నీళ్లు నింపి చూసే వీలు సాధారణంగా ఉండదు. కాబట్టి లీకు ఉంటే మీదే భారం అన్న లెక్కతోనే ధర మాట్లాడండి.

ఇది గాజో యాక్రిలిక్కో తెలియట్లేదు. తేడా ఉంటుందా?

చాలా ఉంటుంది. వేలితో తడితే గాజు ఖంగుమంటుంది, యాక్రిలిక్ మొద్దుగా మోగుతుంది. గాజు చేతికి చల్లగా తగులుతుంది, బరువుగానూ ఉంటుంది. యాక్రిలిక్ మీద బ్లేడు, స్క్రబ్బర్ అసలు వద్దు, కాగితం రుద్దినా గీతలు పడతాయి. పలుచటి వెనిగర్, మెత్తటి నూలు గుడ్డ, అంతే.

## పని మొదలుపెట్టేముందు

ఎక్కడ పెట్టి కడగాలి? బాల్కనీలో చేసుకోవచ్చా?

ఈ ప్రశ్న తక్కువ మంది అడుగుతారు, నష్టపోయేది మాత్రం ఇక్కడే. మన ఇళ్లలో నేల చాలాచోట్ల తాండూరు బండ, షాబాద్ బండ లేదా మార్బుల్. ఈ మూడూ సున్నపురాయి జాతివే. అద్దం మీది సున్నాన్ని కరిగించే వెనిగర్ మీ నేలను కూడా కరిగిస్తుంది. ఒక్క మగ్గు ఒలికి అరగంట ఉంటే పాలిష్ పోయి శాశ్వతంగా మచ్చ పడుతుంది. అద్దె ఇల్లయితే అడ్వాన్సు గొడవ కూడా తప్పదు. సెరామిక్ టైల్స్ ఉన్న బాత్రూం మంచిది. గ్రానైటు మీదైనా పెద్దగా భయం లేదు. మొజాయిక్, సిమెంటు నేలయితే కింద ప్లాస్టిక్ షీటు పరిచి, కారింది కారినట్టే నీళ్లతో కడిగేయండి.

ఎండలో మాత్రం పెట్టకండి. ఏప్రిల్, మే ఎండకు వెనిగర్ పది నిమిషాల్లో ఆరిపోతుంది, పని జరగదు. పైగా కాలిన అద్దం మీద చల్లటి నీళ్లు పడితే పగిలే ప్రమాదం ఉంది. ట్యాంకు కింద థర్మోకోల్ షీటు గానీ పాత బొంత గానీ వేయండి.

ఏమేం సామాన్లు సిద్ధం చేసుకోవాలి?

తెల్ల వెనిగర్ రెండు సీసాలు లేదా నిమ్మ ఉప్పు ఒక ప్యాకెట్, టిష్యూ పేపర్ రోలు, ప్లాస్టిక్ కవర్లు, పాత టూత్‌బ్రష్, నూలు గుడ్డలు, రబ్బరు గ్లౌజులు. మొండి మరకల కోసం హార్డ్‌వేర్ షాపులో దొరికే, అద్దం మీద పెయింటు గీకే బ్లేడు హోల్డరు, దానికి కొత్త బ్లేడ్లు. సబ్బు, డిటర్జెంట్ ఏదీ ఈ జాబితాలో లేదు, కావాలనే రాయలేదు. సబ్బు అవశేషం చేపల మొప్పలకు హాని చేస్తుంది, సందుల్లోకి వెళ్తే పూర్తిగా కడగడం కూడా కష్టం.

వెనిగర్ మంచిదా, నిమ్మ ఉప్పు మంచిదా?

రెండూ పనిచేస్తాయి. కిరాణా షాపులో దొరికే తెల్ల వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం సుమారు 4 శాతం ఉంటుంది. కలపాల్సిన పని లేదు, సీసా తీసి నేరుగా వాడొచ్చు. రంగు వేసిన వెనిగర్ వద్దు. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లం. పెద్ద ట్యాంకుకు ఇది చవక, ఇల్లంతా ఘాటు వాసన ఉండదు. లీటరు నీళ్లకు 30 గ్రాములతో మొదలుపెట్టండి, మొండి చోట 100 గ్రాముల వరకు పెంచొచ్చు. నా మాట అడిగితే చిన్న ట్యాంకుకు వెనిగర్, మూడు అడుగులు దాటితే నిమ్మ ఉప్పు.

బాత్రూం యాసిడ్ పోస్తే నిమిషంలో పోతుంది కదా, అది ఎందుకు వద్దు?

పోతుంది, నిజమే. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సున్నాన్ని క్షణంలో కరిగిస్తుంది. కానీ ట్యాంకు అనేది తొట్టి. దాని ఆవిరి లోపలే నిలుస్తుంది, మీరు తల లోపలికి వంచి రుద్దుతుంటే ఆ ఆవిరి నేరుగా కళ్లకు, ఊపిరితిత్తులకు పోతుంది. టాయిలెట్ క్లీనర్లలో ఆ ఆమ్లంతో పాటు రంగు, సెంటు, నురగ వచ్చే పదార్థాలు ఉంటాయి, అవి సిలికాన్ అంచుల్లో, సందుల్లో ఇరుక్కుంటే చేపలకు ముప్పు. వెనిగర్ ఒక రాత్రిలో చేసే పని కోసం ఇంత టెన్షన్ అనవసరం.

ఇంకొకటి, ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం: ఏ ఆమ్లాన్నైనా, వెనిగర్‌తో సహా, బ్లీచింగ్‌తో కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన బాత్రూంలో అది చాలా ప్రమాదం.

నిమ్మకాయ, చింతపండుతో రుద్దితే?

నిమ్మకాయ పనిచేస్తుంది, చిన్న మరకకు ఒక చెక్క చాలు. చింతపండు ఇత్తడి బిందెలకు ఉంచండి. ఆమ్లం ఉన్నా దాని గుజ్జు సందుల్లోకి వెళ్లి కుళ్లుతుంది.

## మరకలు తీసేటప్పుడు

సరైన పద్ధతి ఏంటి? మొదటి నుంచీ చెప్పండి.

ముందు ట్యాంకులో ఇసుక, రాళ్లు ఒక్క గింజ కూడా లేకుండా మంచి నీళ్లతో కడగండి. ఇది లాంఛనం కాదు. ఇసుకలోని క్వార్ట్‌జ్ గాజు కంటే గట్టిది. గుడ్డ కింద ఒక్క రేణువు చిక్కినా మీరే అద్దం మీద గీతలు గీసినట్టు.

తర్వాత ట్యాంకును పక్కకు పడుకోబెట్టండి. మరక ఉన్న అద్దం నేలకు సమాంతరంగా, కింద ఉండాలి. చాలామంది ట్యాంకును నిలబెట్టే స్ప్రే కొడతారు, వెనిగర్ కారి కిందికి పోతుంది, మరక దగ్గర రెండు నిమిషాలు కూడా నిలవదు. పడుకోబెడితే వెనిగర్ మడుగులా నిలుస్తుంది. మరక మీద టిష్యూ పేపర్ రెండు మూడు పొరలు పరిచి, బాగా తడిసేలా వెనిగర్ పోసి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పండి. కవర్ ఎందుకంటే, ఫ్యాను గాలికి ఆరిపోకుండా. పలుచటి మసకకు అరగంట చాలు. నీటి గీత దగ్గర వేలికి తగిలే పెచ్చుకు రెండు మూడు గంటలు పడుతుంది, రాత్రంతా ఉంచినా గాజుకు ఏమీ కాదు.

కవర్ తీసి అదే టిష్యూతో తుడవండి. మెత్తబడిన సున్నం ముద్దలా వస్తుంది. మిగిలిన చోట మళ్లీ కొత్త వెనిగర్ పోయండి. పాతదే పోస్తే పని జరగదు, ఎందుకంటే సున్నంతో కలిసి ఆమ్లం అప్పటికే ఖర్చయిపోయింది. బుడగలు ఆగిపోయి మరక మాత్రం మిగిలి ఉంటే వెనిగర్ మార్చాలని అర్థం. ఒక అద్దం అయ్యాక ట్యాంకును తిప్పి తర్వాతి అద్దం. తిప్పేటప్పుడు ఇద్దరు ఉండండి, అంచు పట్టి లాగకుండా అడుగు కింద చేతులు పెట్టి ఎత్తండి.

గట్టిగా రుద్దాలనిపిస్తుంది. వద్దు. ఇక్కడ పని చేసేది నానబెట్టిన సమయం, మీ చేతి బలం కాదు.

రాత్రంతా నానబెట్టినా గీత పోలేదు. ఇప్పుడేం చేయాలి?

పెచ్చు మందంగా ఉంటే వెనిగర్ పైపొరనే తింటుంది, లోపలికి చేరదు. ముందు బ్లేడుతో పైపొర లేపి, మళ్లీ నానబెట్టండి. ఈ రెండూ మార్చి మార్చి చేస్తే దాదాపు ఏదైనా వస్తుంది. నిమ్మ ఉప్పు ద్రావణాన్ని గోరువెచ్చటి నీళ్లతో కలిపితే పని కాస్త వేగంగా అవుతుంది. మరిగే నీళ్లు మాత్రం అద్దం మీద పోయకండి. ఇంత చేసినా కదలనిది సిలికా గానీ, దెబ్బతిన్న గాజు గానీ అయి ఉంటుంది. సిలికాను పెచ్చుగా ఉన్నంతవరకు బ్లేడుతో గీకొచ్చు, వెనిగర్‌తో మాత్రం కరగదు.

బ్లేడు వాడితే గీతలు పడవా?

కొత్త బ్లేడు, తడి అద్దం, వాలు కోణం, ఈ మూడూ ఉంటే పడవు. మోహ్స్ కొలతలో సున్నం పెచ్చు గట్టిదనం 3, గాజుది సుమారు 5.5. అందుకే పెచ్చు లేచిపోతుంది, గాజు నిలుస్తుంది. బ్లేడును దాదాపు పడుకోబెట్టినట్టు పట్టి ముందుకే తోయండి, వెనక్కి లాగకండి. తుప్పు చుక్క కనిపించినా, మొన విరిగినా వెంటనే మార్చండి. సిలికాన్ అంచుకు ఒక వేలు దూరంలో ఆపేయండి. అక్కడ చిన్న కోత పడితే మరక పోతుంది గానీ లీకు వస్తుంది. గడ్డం గీసుకునే పలుచటి బ్లేడు ఊరికే వంగుతుంది, వేళ్లు కోసుకునేది దానితోనే.

గిన్నెలు తోమే స్క్రబ్బర్ వాడొచ్చా?

స్టీలు పీచు వద్దు. ఆకుపచ్చ స్క్రబ్బర్ కూడా వద్దు, అందులో గాజు కంటే గట్టి అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు ఉంటాయి. అప్పటికప్పుడు కనిపించని సన్న గీతలు లైటు వేసిన రోజు బయటపడతాయి. రుద్దక తప్పదనుకుంటే తడి గుడ్డ మీద మెత్తటి ఉప్పు వేసి రుద్దండి. ఉప్పు గాజు కంటే మెత్తన, కడిగితే కరిగిపోతుంది.

వెనిగర్ సిలికాన్‌ని తినేయదా?

తినదు. చాలా అక్వేరియం సిలికాన్‌లు ఆరేటప్పుడు వచ్చే పుల్లటి వాసన కూడా ఎసిటిక్ ఆమ్లానిదే. సిలికాన్‌కు శత్రువు బ్లేడు మాత్రమే. మూలల్లో సున్నం ఉంటే వెనిగర్‌లో ముంచిన టూత్‌బ్రష్ వాడండి.

నిమ్మ ఉప్పు పెట్టాక కొత్తగా తెల్లటి పొర వచ్చింది. మరక పెరిగిందా?

పెరగలేదు. సిట్రిక్ ఆమ్లం కాల్షియంతో కలిసి కాల్షియం సిట్రేట్ అవుతుంది. అది నీళ్లలో అంతగా కరగదు, వేడి నీళ్లలో ఇంకా తక్కువ. ద్రావణం చిక్కగా ఉండి, ఎక్కువసేపు ఉంచి, అలాగే ఆరనిస్తే ఇలా పొడిలా మిగులుతుంది. చల్లటి నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో కడగండి. ఇంకా ఉంటే ఒకసారి వెనిగర్‌తో తుడవండి.

ట్యాంకులో చేపలున్నాయి. ఖాళీ చేయకుండా మరక తీయలేమా?

తీయొచ్చు, పైగీత వరకు. నీటి మట్టం నాలుగు వేళ్లు తగ్గించండి. గుడ్డను వెనిగర్‌లో ముంచి, చుక్క కారనంత గట్టిగా పిండి, మరక మీద అదిమి పట్టండి. తర్వాత మంచి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. పొరపాటున రెండు మూడు చుక్కలు పడితే కంగారు పడకండి, బోరు నీళ్లలోని బైకార్బొనేట్ ఆ కాస్త ఆమ్లాన్ని సర్దుకుంటుంది. ఇరవై లీటర్ల లోపు చిన్న ట్యాంకులో మాత్రం ఇది చేయకండి, చేపలను బకెట్‌లోకి మార్చడమే మేలు. నీటి అడుగున ఉన్న మరకకు వెనిగర్ పనికిరాదు, బ్లేడే దిక్కు.

అద్దమే మసకబారింది. పాలిష్ చేయిస్తే పోతుందా?

సీరియం ఆక్సైడ్ పొడితో సన్నటి మసక తగ్గుతుంది. కానీ గంటల పని, పొడి అంతా సందుల్లోకి వెళ్తుంది, ఒకేచోట ఎక్కువ పాలిష్ చేస్తే లోపల చేప వంకరగా కనిపిస్తుంది. పాత ట్యాంకుకు అంత ఖర్చు దండగ. మసక లోపలివైపు ఉంటే నీళ్లు నింపాక చాలావరకు కనిపించదు. బయటివైపు ఉంటే ఆ అద్దాన్ని గోడవైపు తిప్పి, వెనక నల్ల చార్టు అంటించండి.

## చేపలు వేసేముందు

కడిగాక ఇంకా వెనిగర్ వాసన వస్తోంది. చేపలకు ప్రమాదమా?

మూడుసార్లు మంచి నీళ్లతో కడిగి ఒక రోజు తెరిచి ఆరబెడితే వాసన పోతుంది. ఆరిన తర్వాత ఇంకో లాభం కూడా ఉంది: మిగిలిన మరకలన్నీ పొడి అద్దం మీద బయటపడతాయి.

ముందు ఓనరు చేపలు చచ్చిపోయాయట. ట్యాంకును ఎలా శుద్ధి చేయాలి?

సువాసన లేని లిక్విడ్ బ్లీచ్ ఒక వంతు, నీళ్లు ఇరవై వంతులు కలిపి పావుగంట ఉంచండి. అంతకుముందు వెనిగర్ వాడి ఉంటే ట్యాంకును పూర్తిగా కడిగి, ఆరాకే ఇది మొదలుపెట్టండి. బ్లీచింగ్ పౌడర్ వాడకండి, అందులో ఉండేదే సున్నం. మీరు తీసిన మరకను మీరే తిరిగి వేసినట్టవుతుంది. చివర్లో బాగా కడిగి, నీళ్లు నింపి, చేపల షాపులో అమ్మే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి, ఆ నీళ్లు పారబోయండి.

లీకు టెస్టు ఎలా చేయాలి?

సమంగా ఉన్న నేల మీద, కింద థర్మోకోల్ వేసి, బయట అంచుల వెంట పొడి న్యూస్‌పేపర్ పరవండి. పావు వంతు నింపి చూసి, తర్వాత సగం, తర్వాత పూర్తిగా. రెండు రోజులు ఉంచండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో సుమారు 56 లీటర్లు పడతాయి, అంటే నీళ్లే 56 కిలోలు. నిండిన ట్యాంకును కదపకండి. సున్నం మందంగా కట్టిన మూలలు మరీ జాగ్రత్తగా చూడండి, ఒక్కోసారి సన్న లీకును ఆ పెచ్చే మూసి ఉంచుతుంది.

పాత ఫిల్టర్, హీటర్ మీద కూడా తెల్లగా ఉంది.

ప్లగ్ తీసి, హీటర్ పూర్తిగా చల్లారాక, వైరు తడవకుండా గాజు గొట్టం వరకు వెనిగర్‌లో నిలబెట్టండి. ఫిల్టర్ మోటారులో తిరిగే అయస్కాంతం ముక్కను బయటికి తీసి విడిగా నానబెట్టండి. మోటారు గుర్రుమని శబ్దం చేస్తుంటే చాలాసార్లు కారణం అక్కడ పేరుకున్న సున్నమే. హీటర్ గాజు పగిలి ఉంటే పారేయండి, బేరం లేదు.

## మళ్లీ రాకుండా

నెలకే మళ్లీ చార కట్టింది. ఎందుకు?

తగ్గిన నీళ్లకు బోరు నీళ్లే పోస్తున్నారు కాబట్టి. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఖనిజం ట్యాంకులోనే ఉంటుంది. లెక్క చూడండి: 56 లీటర్ల ట్యాంకులో ఎండాకాలం వారానికి అయిదు లీటర్లు ఆవిరైతే, ఎనిమిది వారాల్లో 40 లీటర్లు పోస్తారు. మీ బోరు కఠినత్వం లీటరుకు 300 మిల్లీగ్రాములు అనుకుంటే 12 గ్రాముల సున్నం కొత్తగా చేరినట్టు. ట్యాంకు నీటి కఠినత్వం దాదాపు 214 పెరిగినట్టు. ఆవిరైన లోటును ఆర్‌ఓ నీళ్లతో నింపండి. వారం వారం మార్చే నీళ్లకు మామూలు నల్లా నీళ్లే వాడండి. మొత్తం ఆర్‌ఓ నీళ్లే పోస్తే చేపలకు కావాల్సిన ఖనిజాలు కూడా ఉండవు.

ఆర్‌ఓ వేస్ట్ నీళ్లు ఊరికే పోతున్నాయి. అవి ట్యాంకులో పోయొచ్చా?

వద్దు. ఫిల్టర్ వడకట్టిన ఖనిజమంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. బోరు నీళ్ల కంటే చిక్కన. నేల తుడవడానికి వాడుకోండి.

మా అపార్ట్‌మెంట్‌లో బోరు తప్ప వేరే నీళ్లు లేవు. ఏ చేపలు వేయాలి?

గప్పీ, మోలీ, ప్లాటీ కఠిన జలంలో హాయిగా ఉంటాయి. ఆఫ్రికా సరస్సుల సిక్లిడ్‌లకైతే అదే ఇష్టం. డిస్కస్, కార్డినల్ టెట్రా లాంటివి మెత్తటి నీళ్ల చేపలు. బోరు నీళ్లతో వాటిని పెంచాలంటే ఆర్‌ఓ నీళ్లు కలపక తప్పదు.

బయటి అద్దం మీద కారిన చారలకు ఏం చేయాలి?

నీళ్లు మార్చిన వెంటనే పొడి గుడ్డతో తుడవండి. తడి మీద అర నిమిషం పని, ఆరనిస్తే మళ్లీ వెనిగర్ సీసా తీయాలి. అమోనియా ఉండే గ్లాస్ క్లీనర్ బయటి అద్దానికైనా నేరుగా స్ప్రే చేయకండి, తుంపరలు మూత సందు నుంచి నీళ్లలో పడతాయి. వాడాలనుకుంటే వేరే గదిలో గుడ్డ మీద కొట్టుకుని తెచ్చి తుడవండి.